పాత డెస్క్‌టాప్‌లో లాన్ రావట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఈ వరుసలో చూడండి

ఫోన్లో వైఫై బాగానే వస్తోంది, టీవీలో వీడియోలు ఆడుతున్నాయి, ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో మాత్రం కింద కుడిమూల ఎర్ర ఇంటూ గుర్తు, లేకపోతే పసుపు త్రికోణం. ఏం చేయాలి అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకని ఒక్కచోట రాసి పెడుతున్నాను. పది పదిహేనేళ్ళ నాటి కంప్యూటరు, అందులో విండోస్ 7 గానీ 10 గానీ, వైఫై కార్డు లేదు, ఫైబర్ నెట్ డబ్బా నుంచి వైరు లాగి పెట్టారు (ఇలా వైరుతో వచ్చే నెట్టే లాన్). ఇది మీ ఇంటి పరిస్థితైతే చదవండి.

షాపుకు తీసుకెళ్తే మొదట వినపడే మాట "ఫార్మాట్ చేసేద్దాం సార్". వద్దు. లాన్ ఆగిపోయినప్పుడు తప్పు ఎక్కువగా వైరులోనో, పిన్నులోనో, పోర్టులోనో ఉంటుంది, విండోస్‌లో ఉండేది తక్కువ. పైగా విండోస్ 7 కొత్తగా ఎక్కించాక చాలా మదర్‌బోర్డుల్లో లాన్ డ్రైవరే (లాన్ కార్డును విండోస్‌తో పలికించే ప్రోగ్రాము) ఉండదు, ఆ డ్రైవరు దింపుకోవడానికి నెట్ ఉండదు, అంటే ఉన్న సమస్య పోకపోగా ఇంకోటి నెత్తికి చుట్టుకుంటుంది. కాబట్టి బయట నుంచి లోపలికి వెళ్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పనిచేస్తుందని తెలిసిన ఇంకో లాన్ కేబుల్. పొట్టిదైనా చాలు. ఇది లేకుండా మొదలుపెట్టకండి, పక్కింట్లో అడిగైనా తెచ్చుకోండి.
- ఆండ్రాయిడ్ ఫోను, దాని డేటా కేబుల్ (చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైరు కాదు).
- టార్చి, స్టార్ స్క్రూడ్రైవరు.
- 8 జీబీ పెన్‌డ్రైవ్, లోపల ముఖ్యమైనవేవీ లేనిది.
- దొరికితే లాన్ పోర్టు ఉన్న ఒక ల్యాప్‌టాప్, కాసేపటికి.

ఇంకొక్క మాట. కింద చెప్పే కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. కేబులూ మార్చి, డ్రైవరూ వేసి, డబ్బా కూడా రీస్టార్ట్ చేస్తే, నెట్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. రేపు మళ్ళీ పోతే మళ్ళీ మొదటికే.

1. ముందు లైటు చూడండి

సీపీయూ వెనక లాన్ పోర్టు దగ్గర రెండు చిన్న లైట్లుంటాయి. సాధారణంగా ఒకటి లింకు దొరికిందని నిలకడగా వెలుగుతుంది, రెండోది డేటా కదిలినప్పుడల్లా మిణుకుతుంది. రంగులు బోర్డును బట్టి మారతాయి, వాటి గురించి టెన్షన్ పడకండి. కొన్ని చవక బోర్డుల్లో పోర్టుకు లైట్లే ఉండవు, అప్పుడు డబ్బా మీద మీ కేబుల్ పెట్టిన పోర్టు నంబరు లైటు చూడండి. కేబుల్ తీస్తే ఆరాలి, పెడితే వెలగాలి.

లైటు అసలు వెలగకపోతే 2 నుంచి 5 దాకా చదవండి. వెలుగుతోంది, నెట్ మాత్రం లేదు అంటే 6కి వెళ్ళిపోండి. వెలిగి ఆరి వెలిగి ఆరి చేస్తుంటే ముందు 2, ఆ తర్వాత 7.

2. కేబుల్, పిన్ను, పోర్టు

మీ దగ్గరున్న రెండో కేబుల్ పెట్టి చూడండి. "టక్" మని శబ్దం రావాలి. పిన్ను మీది ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయుంటే కేబుల్ లోపలికి పోయినట్టే ఉంటుంది కానీ సీపీయూ కొద్దిగా జరిగితే చాలు, వదులైపోతుంది. కాగితం మడిచి ఇరికించడం మన ఇళ్ళలో మామూలే, పరీక్ష చేసేటప్పుడు మాత్రం ఆ పిన్నును నమ్మకండి.

కేబుల్ మార్చినా లైటు రాకపోతే డబ్బా వైపు పోర్టు మార్చండి. కొన్ని ఫైబర్ డబ్బాల్లో ఒక లాన్ పోర్టు టీవీ సెట్‌టాప్ బాక్సుకు కేటాయించి ఉంటుంది, అందులో పెడితే లైటు వెలుగుతుంది, నెట్ రాదు. ఫోన్ బొమ్మ ఉన్న చిన్న పోర్టు ల్యాండ్‌లైనుది, దాని జోలికి వెళ్ళకండి. ల్యాండ్‌లైను తాలూకు సన్న వైరు మాత్రం లాన్ పోర్టులో దూరుతుంది. పాత బ్రాడ్‌బ్యాండ్ రోజుల నుంచి ఉన్న వైర్లలో ఈ తికమక బాగా జరుగుతుంది.

ఇప్పుడు టార్చి వేసి సీపీయూ పోర్టు లోపలికి చూడండి. ఎనిమిది బంగారు రంగు తీగలు ఒకే ఎత్తులో వరుసగా కనపడాలి. ఒకటి వంగి పక్కదాని మీద పడినా, పచ్చగా చిలుము పట్టినా, చీమలో బొద్దింకలో గూడు పెట్టినా కారణం దొరికినట్టే. పవర్ ప్లగ్గు తీసేసి, పొడి బ్రష్షుతో మెల్లగా దులపండి. తడిగుడ్డ, పిన్నీసు, నోటితో ఊదడం వద్దు, ఊదితే తుంపర్లు లోపల పడతాయి.

ల్యాప్‌టాప్ ఉంటే అదే కేబుల్ దానికి పెట్టండి. దానికి వచ్చి సీపీయూకి రాకపోతే కేబుల్‌ని, డబ్బాని వదిలేయొచ్చు.

గోడల వెంట లాగిన పొడుగు కేబులే చెడిపోయిందని తేలితే ఎలుక కొరికిందా, తలుపు సందులో నలిగిందా చూడండి. మామూలుగా పాడయ్యేది మధ్యలో కాదు, చివర పిన్ను దగ్గర. క్రింపింగ్ టూలు ఉన్నవాళ్ళు కొత్త పిన్ను కొట్టుకోవచ్చు. క్లిప్పు కిందికి, బంగారు పళ్ళు మీ వైపు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. "రెండు వైపులా ఒకే వరుస ఉంటే చాలు, రంగులు ఏవైతేనేం" అనుకుని తెలుపు-ఆకుపచ్చ పక్కనే ఆకుపచ్చ పెట్టేస్తారు. లైటు వెలుగుతుంది కూడా. కానీ 3, 6 స్థానాల్లో ఉండాల్సినవి ఒకే జంటగా మెలిపడిన తీగలు. వేర్వేరు జంటల నుంచి వస్తే ఒకదాని సిగ్నల్ ఇంకోదానిలోకి పాకి, పొడుగు కేబుల్లో నెట్ నత్తనడక నడుస్తుంది. చవక టెస్టరు ఒక్కో తీగ అటు నుంచి ఇటు చేరిందా లేదా అనే చూస్తుంది కాబట్టి ఈ తప్పుకు కూడా ఎనిమిది లైట్లూ వెలిగించి "ఓకే" అంటుంది.

3. కరెంటు పూర్తిగా తీసేయండి

మామూలుగా షట్‌డౌన్ చేసినా మదర్‌బోర్డుకు కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది, లాన్ చిప్పు కూడా దాని మీదే బతుకుతుంది. కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడు ఆ చిప్పు బిగుసుకుపోతే రీస్టార్టులు ఎన్ని కొట్టినా తేరుకోదు.

షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర ప్లగ్గు పీకేసి, లాన్ కేబుల్ కూడా తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఐదు నిమిషాలాగి ముందు ప్లగ్గు, తర్వాత కేబుల్ పెట్టి ఆన్ చేయండి. యూపీఎస్ ఉంటే యూపీఎస్ నుంచి కూడా తీయాలి, చాలామంది గోడ స్విచ్చి ఆపి అయిపోయిందనుకుంటారు. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది గానీ డివైస్ మేనేజర్‌లో (కంప్యూటరు భాగాల జాబితా, 5లో వస్తుంది) మాయమైన లాన్ కార్డు దీంతో తిరిగి ప్రత్యక్షమవడం అరుదేం కాదు.

ఉరుములు మెరుపులు వచ్చిన మర్నాటి నుంచే పోయిందంటే మాత్రం ఆశ తక్కువ. మేడ మీద నుంచో స్తంభం నుంచో రాగి కేబుల్ వచ్చే ఇళ్ళలో పిడుగు దెబ్బ ముందు లాన్ పోర్టుకే తగులుతుంది, మిగతా కంప్యూటరంతా నిక్షేపంలా పనిచేస్తుంది. అలాంటివాళ్ళు 8 చూసుకుని 9కి వెళ్ళండి.

4. బయోస్, గుండ్రటి బ్యాటరీ

ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరుసగా నొక్కితే బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వస్తుంది. ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ లేదా ఆన్‌బోర్డ్ డివైసెస్ అనే పేజీలో లాన్ కంట్రోలర్ ఎనేబుల్డ్ అని ఉందా చూడండి. డిసేబుల్డ్ అని ఉంటే మార్చి, ఎఫ్10 కొట్టి సేవ్ చేయండి. మిగతావి కదపకండి, ముఖ్యంగా హార్డ్‌డిస్క్ మోడ్. అది మారితే విండోస్ లేవకపోవచ్చు.

అక్కడే తేదీ కూడా చూడండి. 2009 జనవరి అనో, బోర్డు పుట్టిన సంవత్సరమో చూపిస్తే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది, ప్లగ్గు తీసి మార్చేయండి, మార్చాక తేదీ సరిచేయండి. తేదీ వెనక్కి పోయిన కంప్యూటర్లో లాన్ బాగున్నా సైట్లు తెరుచుకోవు, ఎందుకంటే సైటు తన గుర్తింపుకు చూపించే సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదని బ్రౌజరు అనుకుంటుంది. ఈ ఒక్క కారణంతో లాన్ కార్డులు కొన్నవాళ్ళున్నారు.

5. డివైస్ మేనేజర్

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి డెవ్‌ఎంజీఎంటీ చుక్క ఎంఎస్‌సీ అని కొట్టండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరవండి. కార్డు పేరు పక్కన కింది బాణం ఉంటే ఎవరో డిసేబుల్ చేశారు, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేస్తే సరి.

పసుపు గుర్తుంటే, లేదా అదర్ డివైసెస్ కింద ఈథర్నెట్ కంట్రోలర్ అని కనపడితే డ్రైవరు లేదు. ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్‌కి వెళ్ళండి. వీఈఎన్ తర్వాత 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్, 1969 ఉంటే అథెరోస్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్. దాని పక్కన డీఈవీ తర్వాత ఉన్న నాలుగు అంకెలు చిప్పు మోడలు చెబుతాయి, రియల్‌టెక్‌లో 8168 అయితే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్), 8139 అయితే 100 ఎంబీపీఎస్ పాత కార్డు.

నెట్ లేకుండా డ్రైవరెలా? ఫోన్ని డేటా కేబుల్‌తో సీపీయూకి పెట్టి, ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ కింద యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోను వైఫైలో ఉంటే ఆ వైఫై నెట్టే కంప్యూటరుకు వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. విండోస్ 7 కొద్ది నిమిషాలు ఆలోచించుకుంటుంది, ఓపిక పట్టండి. డ్రైవరు బోర్డు కంపెనీ సైటు నుంచో చిప్పు కంపెనీ సైటు నుంచో దింపండి. "అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్కుతో" అని చెప్పే సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దంటే వద్దు, ఒక డ్రైవరు కోసం వెళ్తే నాలుగు పనికిరాని ప్రోగ్రాములు కూర్చుంటాయి.

కార్డు పేరూ లేదు, పసుపు గుర్తూ లేదు, బయోస్‌లో ఎనేబుల్ అయ్యే ఉంది, 3 కూడా చేశారు. అలాగైతే ఇక్కడ ఆగి 8కి వెళ్ళండి.

6. లైటుంది, నెట్ లేదు

స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్ల తెర తెరిచి, ఐపీకాన్ఫిగ్ కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఆల్ అని ఎంటర్ కొట్టండి. ఈథర్నెట్ అడాప్టర్ కింద ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటరు నంబరు) చూడండి.

అది 169.254తో మొదలైతే కంప్యూటరుకు డబ్బా నుంచి అడ్రస్ అందక తనంతట తానే ఒకటి పెట్టుకుంది. డబ్బా ఒకసారి ఆపి పెట్టండి, పోర్టు మార్చండి, అయినా అదే వస్తే మళ్ళీ కేబుల్‌ని అనుమానించండి. సగం తెగిన కేబుల్‌కి లైటు వెలగడం, అడ్రస్ రాకపోవడం రెండూ జరుగుతాయి.

అది 192.168 కాకుండా ఇంకేదో పాత నంబరైతే, పాత నెట్ కనెక్షన్ వాళ్ళు చేత్తో ఎక్కించిన స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే అడ్రస్) అలాగే ఉండిపోయి ఉండొచ్చు. మన ఊళ్ళలో కేబుల్ నెట్ రోజుల్లో ఇలా పెట్టడం సర్వసాధారణం, కనెక్షన్ మారినా కంప్యూటర్లో ఆ అంకెలు మారవు. విండోస్ కీ, ఆర్ నొక్కి ఎన్‌సీపీఏ చుక్క సీపీఎల్ కొట్టి, ఈథర్నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఐపీ వెర్షన్ 4, మళ్ళీ ప్రాపర్టీస్. ఐపీకీ డీఎన్‌ఎస్‌కీ (సైటు పేరును నంబరుగా మార్చేది) రెండింటికీ "ఆటోమేటికల్లీ" అనేది ఎంచుకోండి. మార్చే ముందు ఆ పాత అంకెలు ఫోన్లో ఫొటో తీసుకోండి, ఆఫీసు కంప్యూటరైతే అవసరం పడొచ్చు. అదే కిటికీలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ అని పాత డయలర్ కనపడితే, ఇప్పుడు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ డబ్బాలోనే ఉంటాయి కాబట్టి దాన్ని నొక్కక్కర్లేదు.

అడ్రస్ సరిగ్గా ఉంటే, డీఫాల్ట్ గేట్‌వే అని చూపించిన నంబరుకు (అది మీ డబ్బాది) పింగ్ కొట్టండి, అంటే పలుకుతోందా అని అడగడం. ఉదాహరణకు పింగ్ 192.168.1.1. జవాబు రాకపోతే లోపం మీ ఇంట్లోనే ఉంది. వస్తే పింగ్ 8.8.8.8 (బయటి నెట్‌లో ఉన్న గూగుల్ సర్వరు) కొట్టండి. గేట్‌వే పలికి ఇది పలక్కపోతే కంప్యూటర్ని వదిలేసి నెట్ కంపెనీకి ఫోన్ చేయండి. రెండూ పలికి సైట్లు మాత్రం రాకపోతే డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8, 1.1.1.1 చేత్తో పెట్టి చూడండి, గడువు ముగిసిన యాంటీవైరస్ ఉంటే పూర్తిగా తీసేయండి, తేదీ మరోసారి చూడండి.

విండోస్ 7 వాళ్ళకు ఇంకోటి. కొన్ని సైట్లు వచ్చి కొన్ని రాకపోతే అది లాన్ తప్పు కాదు. చాలా సైట్లు ఆధారపడిన ఒక పాత రూట్ సర్టిఫికెట్ (సైట్ల సర్టిఫికెట్లను నమ్మడానికి మూలాధారం) గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసింది, అప్‌డేట్లు లేని విండోస్ 7కి కొత్తది తెలియదు. క్రోమ్ కూడా ఇందులో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. సొంత సర్టిఫికెట్లు వెంట తెచ్చుకునే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ వేసుకుంటే ఈ రకం ఇబ్బంది చాలావరకు పోతుంది. బ్యాంకు పనులు మాత్రం ఆ విండోస్‌లో చేయకండి, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది.

ఇవేవీ కాకపోతే నల్ల తెరను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్, తర్వాత నెట్‌ఎస్‌హెచ్ ఐఎన్‌టీ ఐపీ రీసెట్ కొట్టి రీస్టార్ట్ చేయండి. చేత్తో పెట్టిన ఐపీలు ఉంటే పోతాయి, అందుకే పైన ఫొటో తీయమన్నది.

7. వచ్చి పోతోంది, లేదా మరీ స్లో

6లో చెప్పిన ఎన్‌సీపీఏ కిటికీలో ఈథర్నెట్ మీద డబుల్ క్లిక్ చేస్తే స్పీడ్ కనపడుతుంది. గిగాబిట్ కార్డు, గిగాబిట్ డబ్బా ఉండి కూడా 100 ఎంబీపీఎస్ చూపిస్తే కేబుల్లో ఏదో తీగ అందట్లేదు. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మీ ప్లాను 100 లోపే అయితే దీని కోసం తల పగలగొట్టుకోనక్కర్లేదు. 10 చూపిస్తే మాత్రం కేబుల్ మార్చాల్సిందే.

5లో చెప్పిన డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదాకి ఈ డివైస్‌ని ఆపొచ్చు అనే టిక్కు తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్, గ్రీన్ ఈథర్నెట్ ఉంటే డిసేబుల్ చేయండి. స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ ఆటో నెగోషియేషన్‌లోనే ఉండాలి. "ఫుల్ డ్యూప్లెక్స్ పెడితే స్పీడు పెరుగుతుంది" అని ఎవరో చెప్పగా మార్చేసినవాళ్ళే సగం మంది. ఇటు ఫుల్ (పంపడం, అందుకోవడం ఒకేసారి) అని బిగించేసి అటు డబ్బా ఆటోలో ఉంటే అది హాఫ్ (ఒకసారికి ఒకటే) అనుకుంటుంది, ఇక ప్యాకెట్లు ఢీకొట్టుకుంటూనే ఉంటాయి.

8. తీర్పు చెప్పే పరీక్ష: పెన్‌డ్రైవ్ లినక్స్

విండోస్‌దా తప్పు, పోర్టుదా అని తేలకపోతే వేరే కంప్యూటర్లో రూఫస్ అనే ప్రోగ్రాముతో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈని (విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. పాత బయోస్ కాబట్టి పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్ ఎంచుకోండి. సీపీయూని పూర్తిగా ఆపి, ప్లగ్గు పీకి పెట్టి (విండోస్ నిద్రపుచ్చిన కార్డు లినక్స్‌కి కనపడకపోవచ్చు), ఎఫ్12 లేదా ఎఫ్8, ఎఫ్11తో పెన్‌డ్రైవ్ నుంచి లేపండి. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి, మీ డేటా అంతా పోయే ప్రమాదం ఉంది.

అదే కేబుల్‌తో అక్కడ నెట్ వస్తే కార్డు బాగుంది, మళ్ళీ 5, 6 చూడండి. రాకపోతే పోర్టు పోయింది.

9. పోర్టు పోతే

మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. కొన్ని వందల రూపాయల్లో రెండు దారులున్నాయి. యూఎస్‌బీ లాన్ అడాప్టర్ సులువు, సీపీయూ విప్పే పని లేదు. పాత కంప్యూటర్లలో ఎక్కువగా యూఎస్‌బీ 2.0 ఉంటుంది, దాని గరిష్ఠ వేగమే 480 ఎంబీపీఎస్, కాబట్టి గిగాబిట్ అడాప్టర్ కొన్నా పూర్తి గిగాబిట్ రాదు. విండోస్ 7 అయితే కొన్నిటికి డ్రైవరు సీడీలో ఇస్తారు, మీ సీడీ డ్రైవ్ పనిచేయకపోతే ఫోన్ టెథరింగ్ ఉండనే ఉంది. రెండోది లోపల పెట్టే కార్డు. కొనే ముందు మూత విప్పి స్లాటు ఫొటో తీసి షాపులో చూపించండి, పాత పీసీఐ స్లాటూ పొట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటూ వేరు, ఒకదాని కార్డు ఇంకోదాంట్లో కూర్చోదు. పెట్టాక బయోస్‌లో పాత ఆన్‌బోర్డ్ లాన్ డిసేబుల్ చేసేయండి.

డబ్బా లేకుండా లోకల్ ఆపరేటర్ కేబుల్ నేరుగా సీపీయూకే వచ్చే ఇళ్ళలో కొత్త కార్డు పెట్టగానే నెట్ రాదు. వాళ్ళు చాలాచోట్ల పాత కార్డు మ్యాక్ అడ్రసుకు (ఒక్కో కార్డుకు ఉండే గుర్తింపు నంబరు) కనెక్షన్ కట్టేసి ఉంటారు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్‌లో ఫిజికల్ అడ్రస్ అని ఉన్న కొత్త నంబరు ఫోన్ చేసి చెప్పండి, నిమిషాల్లో మార్చేస్తారు.

10. బాగైందని ఎలా తెలుసుకోవాలి

ఒక సైటు తెరుచుకోగానే సంబరపడి మూత బిగించకండి. గేట్‌వే నంబరుకు పింగ్ కొట్టి చివర ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి టీ అక్షరం చేర్చండి, ఆపేదాకా కొడుతూనే ఉంటుంది. అరగంట వదిలేసి, మధ్యలో కేబుల్‌ని రెండు చివర్లా కొద్దిగా కదిపి చూడండి. కంట్రోల్, సీ నొక్కితే లెక్క వస్తుంది. వైరు మీద లాస్ట్ (దారిలో పోయినవి) 0 ఉండాలి, సమయం 1 ఎంఎస్ అటూ ఇటూ ఉండాలి. కదిపినప్పుడల్లా రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ వస్తే పిన్ను వదులు, 2కి వెళ్ళండి.

తర్వాత షట్‌డౌన్ చేసి రాత్రంతా వదిలేసి పొద్దున్నే ఆన్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు కూడా లింకు దానంతటదే దొరికి, తేదీ సరిగ్గా ఉంటే అప్పుడు మూత బిగించొచ్చు. ఆకాశం ఉరిమితే ప్లగ్గుతో పాటు లాన్ కేబుల్ కూడా పీకండి.